మాక్టన్ గవ్వల కొట్టు: అయిదుకి నాలుగు స్టార్లు

ఫిలిప్పీన్స్ దేశంలోని సెబూలో డాక్టరీ చదువుతున్న పిల్లల్ని చూడ్డానికి మన వైపు నుంచి వచ్చే అమ్మానాన్నలకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. కొట్టు పేరు అడక్కండి, దానికి బోర్డు లేదు. చుట్టుపక్కల వాళ్ళు ఆ ముసలావిడ పేరు పెట్టి పిలుస్తారు, ఆవిడ పేరు ఇక్కడ పెట్టడం నాకు బాగోదు. అందరూ 'లోలా' అంటారు, అంటే వాళ్ళ భాషలో అమ్మమ్మ. నేనూ అలాగే అంటాను, ఆవిడకీ నాకూ వయసులో పట్టుమని పదేళ్ళు తేడా లేకపోయినా.

దారి చెబుతాను. సెబూ ఊళ్ళోంచి వంతెన దాటితే మాక్టన్ ద్వీపం. అక్కణ్ణించి పుంటా ఎంగాన్యో వైపు వెళ్ళాలి. 1521లో లాపులాపు అనే స్థానిక నాయకుడి మనుషులు పోర్చుగీసు నావికుడు మజెల్లాన్‌ని చంపిన చోటని స్మారకం కట్టారు, అది దాటాలి. స్మారకం చుట్టూ ఉన్న కొట్లలో గిటార్లు, ఎండు మామిడి ముక్కలు, టీషర్టులు అమ్ముతారు. గవ్వలూ ఉంటాయి గానీ అన్నీ వార్నిష్ కొట్టినవే. అక్కడ ఆగకండి. సముద్రం వాసన మారి, కుళ్ళిన చేపల కంపుకి బ్లీచింగ్ పౌడర్ తోడయినట్టు ముక్కుకి తగిలితే సరైన సందులోకి వచ్చారన్నమాట. అక్కడే డాక్టరీ చదువుతున్న మా అమ్మాయి చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుంది. నేను కాకినాడ వాణ్ణి, నాకు ఇల్లు గుర్తొచ్చింది.

నా సంగతి ఒక్క ముక్క. ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకి జువాలజీ చెప్పి రిటైరయ్యాను. మొలస్కా వర్గం, అంటే నత్తలూ ఆల్చిప్పలూ, ప్రతి ఏడూ చెప్పేవాణ్ణి. మా ల్యాబ్ బీరువాలో ఒకే ఒక్క కోనస్ గుల్ల, అంటే శంకువు ఆకారపు సముద్రపు నత్తది, ఉండేది, అంచు విరిగింది, లేబుల్ చెదలు తినేసింది. దాన్ని ఎత్తి చూపించి, 'ఇది కోనస్, విషముంటుంది, దీని రాడ్యులా, అంటే నాలుక మీది పన్ను, బాణంలా మారింది' అని ఒక్క లైను చెప్పి పిలా అనే మంచినీటి నత్త దగ్గరికి వెళ్ళిపోయేవాణ్ణి. పరీక్షలో వచ్చేది పిలాయే మరి. ఆ ఒక్క లైను వెనకాల ఏముందో తెలుసుకోడానికి నాకు రిటైర్మెంటూ, సెబూ టిక్కెట్టూ, ఈ కొట్టూ కావాల్సి వచ్చాయి.

కొట్టంటే రేకుల షెడ్డు. గుమ్మంలో కాపిజ్ చిప్పలతో కట్టిన గాలిగంటలు, లాంతరు షేడులు వేలాడుతుంటాయి. ఆ చిప్పని చూడగానే నాకు నవ్వొచ్చింది. పల్చగా అద్దంలా, వెలుతురు దూరేలా ఉండే ఈ చిప్ప మా కాకినాడ ఖాతంలోనూ ఉంది. ప్లకూనా ప్లాసెంటా అని క్లాసులో చెప్పేవాణ్ణి. మా దగ్గర దాన్ని కాల్చి సున్నం చేసేవాళ్ళు. ఇక్కడ అదే చిప్పని చదరాలుగా కోసి, ఇత్తడి అంచు కట్టి, దీపానికి తొడుగుతున్నారు. కాకినాడ గురించి చెబితే లోలా నమ్మలేదు. 'మీరు దాన్ని కాల్చేస్తారా?' అని నేనేదో పిల్లిని చంపానన్నట్టు చూసింది.

లోపల సరుకంతా చెక్క ట్రేలలో జాతి జాతికీ వేరుగా పేర్చి ఉంటుంది. కౌరీ గవ్వలు ఒక గోడకి, ముళ్ళున్న మ్యూరెక్సులు ఒక గోడకి, కోన్లు, అంటే కోనస్‌లు, మధ్యలో. ఒక్కో ట్రేలో అట్టముక్క మీద పెన్నుతో లాటిన్ పేరు రాసి ఉంది. లోలా హైస్కూలు కూడా పూర్తి చెయ్యలేదట. కానీ ఆవిడ లాటిన్ పేర్లు పలికే తీరు మా యూనివర్సిటీ ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ల కంటే నయం. నేను కావాలని పరీక్ష పెట్టాను. గుడారాల్లాంటి త్రికోణాల డిజైను ఉన్నది తీసి కోనస్ టెక్స్టైల్ కదా అన్నాను. 'కాదు సర్, అది వేరే, చూడు' అని రెండూ పక్కపక్కన పెట్టింది. ఆవిడదే రైటు. మా అమ్మాయి ఎదురుగా నా పరువు పోయింది.

కానీ నాలుగు స్టార్లు ఇచ్చింది గుల్లలకి కాదు. పదిన్నరకి జరిగినదానికి.

పదిన్నరకి ఒక కుర్రాడు వచ్చాడు. ఒళ్ళంతా ఉప్పు చారలు. చేతిలో మెడ కోసేసిన ప్లాస్టిక్ సీసా, అందులో సముద్రపు నీళ్ళు, అడుగున అయిదారు కోన్లు. బతికున్నవి! నేను జన్మలో బతికున్న కోనస్‌ని చూడలేదు. ముప్పై ఏళ్ళ అలవాటు, స్పెసిమెన్ కనిపిస్తే చెయ్యి దానంతటదే వెళుతుంది. వెళ్ళింది. లోలా నా మణికట్టు మీద ఒక్కటిచ్చింది. మర్యాదకి తట్టడం కాదు, చురుక్కుమంది. 'నాన్నా, చెయ్యి తియ్యి' అని మా అమ్మాయి అరిచింది. కుర్రాడు పళ్ళికిలించాడు.

ఆవిడ పొడుగాటి పటకారు తీసుకుని ఒక్కోదాన్నీ ఎత్తి గాజు గిన్నెలో వేసింది. పెద్దదాని పెంకు పల్చగా, మూతి వెడల్పుగా ఉంది. పైన గోధుమరంగు తొక్క, ఇంకా శుభ్రం చెయ్యలేదు కదా, దాంతో డిజైను సరిగ్గా కనపళ్ళేదు. రెండు నిమిషాలు కదల్లేదు. తర్వాత సన్నటి చివర నుంచి ఒక గొట్టం బయటికి వచ్చి, అన్నం వాసన పట్టిన ఏనుగు తొండంలా అటూ ఇటూ తిరిగింది. అది సైఫన్, నీళ్ళలో వాసన పట్టేది. కుట్టేది అది కాదు, దాని కింద ఉండే రెండో గొట్టం. దాని కొసన బోలు సూదిలాంటి పన్ను, అదీ ఒక్కసారి వాడి పారేసేది. చేప తగలగానే పొడుస్తుంది, క్షణంలో చేప కొయ్యబారిపోతుంది. కొబ్బరి చెట్టంత తాపీగా ఉండే నత్త చేపని ఎలా పడుతుందని ఎవరికైనా అనుమానం రావాలి. 1956లో అమెరికా శాస్త్రవేత్త అలన్ కోన్ కోనస్ చేపని తింటుందని చూసి రాసేదాకా శాస్త్రం నమ్మలేదు. కోన్ల గురించి కోన్ గారు రాశారని క్లాసులో జోకు వెయ్యొచ్చు. నాకు అప్పుడు తెలియదు, లేకపోతే వేసేవాణ్ణే.

'సిగరెట్' అంది లోలా, ఆ పెద్దదాన్ని చూపిస్తూ. అది కోనస్ జియోగ్రఫస్, దానికి ఆ పేరుంది. అది కుడితే ఒక సిగరెట్టు కాల్చేంత టైమే మిగులుతుందని. మా అమ్మాయి డాక్టరమ్మ గొంతు పెట్టింది. 'అంత తొందరగా కాదు నాన్నా, గంటలు పడుతుంది. ఊపిరి కండరాలు పడిపోతాయి. విరుగుడు లేదు, విషం దిగేదాకా వెంటిలేటర్ మీద ఊపిరి అందించాలి, అంతే' అంది. మనుషులు చనిపోయినవి ముప్పైకి పైగా నమోదయ్యాయి, ఎక్కువ ఈ జియోగ్రఫస్ వల్లే.

తర్వాత లోలా పటకారుతో ఒక చిన్నదాన్ని చూపించింది. బొటనవేలంత, తెలుపు మీద గోధుమరంగు మచ్చలు. 'మాగస్' అంది, అంటే కోనస్ మాగస్. అప్పుడు మా అమ్మాయి, అప్పటిదాకా ఫోను చూసుకుంటున్న పిల్ల, తల ఎత్తింది. 'జికోనోటైడా?' అంది.

వాళ్ళ ఫార్మకాలజీలో అది ఒక లైనట. 'కోన్ నత్త నుంచి వచ్చిన నొప్పి మందు, ఎన్ టైప్ కాల్షియం చానెల్‌ని మూస్తుంది, వెన్నులోకి ఇస్తారు.' నాలుగు ఆప్షన్ల ప్రశ్న ఒకటి వస్తుంది, టిక్కు పెట్టి వెళ్ళిపోతారు. అంటే మొలస్కాలో నాదొక లైను, మందుల్లో దానిదొక లైను. ఒకే ఇంట్లో ఇరవై ఏళ్ళకి పైగా కలిసి భోంచేసినవాళ్ళం, ఆ రెండు లైన్లూ ఒకే నత్తవని ఈ కొట్టుకొచ్చేదాకా తెలియదు. ఆ రాత్రి దాని గదిలో, దాని రూమ్మేటు పెట్టిన ఆవకాయన్నం తింటూ, మధ్యలో ఖాళీ పూరించుకున్నాం.

మధ్యలో ఉన్నాయన బాల్డొమెరో ఒలివెరా అనే శాస్త్రవేత్త. మనీలాలో 1941లో పుట్టాడు. చిన్నప్పుడు గవ్వలు ఏరుకునే రకం. అమెరికాలోని కాల్‌టెక్‌లో 1966లో పీహెచ్‌డీ, ఆ తర్వాత స్టాన్‌ఫోర్డ్‌లో డీఎన్ఏ ముక్కల్ని అతికించే లైగేజ్ ఎంజైమ్‌ని కనిపెట్టినవాళ్ళలో ఒకడు. అంతటివాడు సొంత దేశం వెళ్ళి పని చేద్దామని మనీలా తిరిగొస్తే ల్యాబులో పరికరాలు లేవు. లైగేజ్ పని చెయ్యడానికి కావాల్సింది ఏదీ లేదు. ఇది చదవగానే నాకు మా కాలేజీ స్టోర్ రూము కళ్ళ ముందు ఆడింది. మనలో చాలామంది అక్కడ ఆగిపోయి పాఠాలు చెప్పుకుంటూ పెన్షన్ దాకా వచ్చాం. ఆయన ఏం చేశాడంటే, పరికరాలు అక్కర్లేకుండా, ఈ దేశంలో చవగ్గా దొరికేదాంతో ఏం చెయ్యొచ్చో చూశాడు. దొరికేవి నత్తలు. మనుషుల్ని చంపుతాయని ఎప్పణ్ణించో తెలుసు, ఎలా చంపుతాయో తెలియదు. లూర్డెస్ క్రూజ్ అనే శాస్త్రవేత్త ఆయనకి తోడు.

వాళ్ళ మొదటి పరికరం ఒక వైరు జల్లెడ. ఎలుకని దాని మీద పెట్టి జల్లెడ తిరగేస్తే అది పట్టుకుని వేలాడుతుంది. విషం ఎక్కితే కాళ్ళు పట్టు తప్పి కింద పడుతుంది. గడియారం చూసుకుని ఎంతసేపటికి పడిందో రాసుకోవడం. ఇది మా ల్యాబులో కూడా చెయ్యొచ్చు! జల్లెడ మా ఇంట్లో కూడా ఉంది. మా అమ్మాయికి ఇది చెప్పి అరగంట ఊగిపోయాను. అది ఆవులించింది.

ఆ జల్లెడతో చిక్కినది కండరాలకి నరం కబురు అందకుండా చేసే పెప్టైడు, అంటే చిన్న ప్రోటీను ముక్క. తాచుపాము విషం కూడా అక్కడే దెబ్బకొడుతుంది. అంటే పాత కథే. మామూలువాళ్ళయితే పేపరు అచ్చేసి వేరే దారి చూసుకునేవాళ్ళు. ఒలివెరా 1970లో అమెరికాలోని యూటా యూనివర్సిటీకి మారాడు, నత్తల్ని మాత్రం వదల్లేదు. అక్కడ క్రెయిగ్ క్లార్క్ అనే పందొమ్మిదేళ్ళ కుర్రాడు, ఇంకా డిగ్రీ చదువుతున్నవాడు, విషాన్ని ఎలుక పొట్టలోకి కాకుండా తిన్నగా మెదడులోకి ఇచ్చి చూద్దామన్నాడు. గురువుగారికి పెద్ద నమ్మకం లేదట, అయినా కానిమ్మన్నాడు. విషంలోని భాగాలు విడదీసి ఒక్కోటీ ఇస్తుంటే ఒక ఎలుక నిద్రపోయింది, ఒకటి వణికింది, ఒకటి గోక్కుంది, ఒకటి పరుగులు పెట్టింది. ఒక నత్త విషమంటే ఒక విషం కాదు. నూటికి పైగా వేరు వేరు పెప్టైడులు, ఒక్కోటీ నరాల్లో ఒక్కో తాళానికి తాళంచెవి. నిద్రపుచ్చేదానికి కోనాంటోకిన్ అని పేరు పెట్టారు. 'అంటోక్' అంటే ఫిలిపినో భాషలో నిద్రమత్తు. మర్నాడు కొట్టుకి వెళ్ళి లోలాతో ఈ మాట చెబితే పడీ పడీ నవ్వింది. శాస్త్రంలో తమ దేశపు మాట ఉందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

మాగస్ వంతు 1979లో వచ్చింది. ఒలివెరా ల్యాబులో మైఖేల్ మెకింటాష్, అప్పుడే స్కూలు దాటి వచ్చిన పద్దెనిమిదేళ్ళవాడు, దాని విషంలోంచి 25 అమైనో ఆమ్లాల పెప్టైడు ఒకటి విడదీశాడు. నొప్పి కబురు వెన్నుపాములో ఒక నరం నుంచి ఇంకో నరానికి దాటే చోట కాల్షియం తలుపుని అది మూసేస్తుంది. నత్తలో ఉన్నదాన్నే అచ్చంగా, ఒక్క అమైనో ఆమ్లం మార్చకుండా, ఫ్యాక్టరీలో తయారుచేసి మందు చేశారు. అదే జికోనోటైడ్. ప్రియాల్ట్ అనే పేరుతో 2004 డిసెంబరులో అమెరికాలో మందులకి అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. కుర్రాడు విడదీసినప్పటి నుంచి పాతికేళ్ళు.

మార్ఫీన్‌కి లొంగని నొప్పికి ఇస్తారు, మార్ఫీన్‌లా అలవాటు పడదు. అలాగని ఇది మాత్ర కాదు, పంపు అమర్చి వెన్ను ద్రవంలోకే చుక్క చుక్కగా ఇవ్వాలి. కొందరికి మతి తప్పినట్టవుతుంది, లేనివి కనపడతాయి. 'అందుకే ఆఖరి ఆప్షను' అంది మా అమ్మాయి. పరీక్ష ప్రశ్నలో కూడా అది డీ ఆప్షనేనట.

ఇంకో సంగతి నాకు సొంతంగా తగిలింది, నేను షుగర్ మనిషిని కాబట్టి. ఆ సిగరెట్ నత్త ఉందే, జియోగ్రఫస్, అది చేపల్ని పట్టడానికి నీళ్ళలోకి ఇన్సులిన్ వదులుతుందని 2015లో యూటాలో హెలెనా సఫావీ హెమామీ వాళ్ళు, ఒలివెరాతో కలిసి, తేల్చారు. చేపలకి షుగర్ పడిపోయి తూలుతుంటే, నత్త మూతి వలలా చాచి లోపలికి లాగేసుకుంటుంది. మన ఇన్సులిన్ అణువులు ఆరేసి గుంపు కట్టుకుని ఉంటాయి, విడిపోయాకే పని మొదలు. నత్తది గుంపు కట్టదు, వెంటనే పట్టుకుంటుంది. షుగర్ డౌనయ్యి తూలడం ఎలా ఉంటుందో తెలిసినవాణ్ణి, ఆ చేపల మీద నాకు జాలేసింది.

సరే, కొట్టు. అడిగితే లోలా చెప్పే సంగతుల్లో లుమున్ లుమున్ ఒకటి, అది వినకుండా రావద్దు. పాత వలల్ని ఉండలుగా చుట్టి, సముద్రంలో గోడలా నిటారుగా దిగే చోట లోతుకి వేలాడదీసి నెలల తరబడి వదిలేస్తారు. వాటిల్లోకి చిన్న చిన్న నత్తలు చేరి కాపురం పెడతాయి. పైకి లాగి దులిపితే, గజ ఈతగాళ్ళకి కూడా అందని లోతు సరుకు. జాలర్లు గవ్వల వ్యాపారానికి కనిపెట్టుకున్న కిటుకు ఇది. తర్వాత ఒలివెరా బృందం వాళ్ళు కొత్త విషాల కోసం ఈ వలల్నే పట్టుకున్నారు. ఆవిడ దులిపిన వల చూపించింది. గోరంత కోన్లు, బియ్యపు గింజంత టరిడులనే నత్తలు గోనె మీద ఆరబోసి ఉన్నాయి. వడియాల్లా.

ధరలు: మామూలు కోన్లు ఇరవై, ముప్పై పెసోలు. మాగస్ మంచిది యాభై చెప్పింది, నలభైకి ఇచ్చింది. గ్లోరియామారిస్ అనే కోన్ ట్రేలో కాదు, బల్ల సొరుగులో దూదిలో పెట్టి ఉంటుంది. ఒకప్పుడు రాజులు, కోటీశ్వరులు వెతుక్కున్న గుల్ల ఇది, వేల డాలర్లు పలికేది. 1969లో సాలమన్ దీవుల్లో అవి ఉండే చోటు దొరికాక ధర పడిపోయింది. ఇప్పుడు నాలాంటి పెన్షనరు కూడా చేత్తో పట్టుకుని చూడొచ్చు. చూశాను. కొనలేదు. బేరమాడేటప్పుడు 'మహల్' అనండి. ఖరీదెక్కువ అని అర్థం, ప్రియమైన అనీ అర్థమేనట. తెలుగులో ప్రియం లాగే! ఈ మాటకి ఆవిడ పది పెసోలు తగ్గించింది.

స్టారు ఎందుకు కోశానో కూడా చెప్పాలి. మంచి గుల్లల్ని యాసిడ్‌లో ముంచి, నూనె రాసి మెరిపిస్తారు. తొక్కతో ఉన్నది కావాలంటే ముందే చెప్పాలి, నాకు చెప్పలేదు. పొట్లం పాత పేపర్లో చుట్టి ఇచ్చారు. ఇంటికెళ్ళి విప్పితే మాగస్ అంచు విరిగింది, అచ్చం మా ల్యాబు గుల్లలాగే. రసీదు ఇవ్వరు. పై అరలో నాటిలస్ గుల్లలు అమ్మకానికి పెట్టారు, 2017 నుంచి వాటి మీద అంతర్జాతీయ ఆంక్షలున్నాయన్న మాట కొనేవాడికి ఎవరూ చెప్పరు. నాటిలస్, ట్రైటన్ శంఖం, పెద్ద క్లామ్ లాంటివి మన వన్యప్రాణి చట్టంలోనూ ఉన్నాయి. సూట్‌కేసులో వేసుకుని వచ్చి విమానాశ్రయంలో ఏడవకండి. నేను కొన్నవి కూడా అమ్మాయి బల్ల మీదే వదిలేసి వచ్చాను.

పొద్దున్న పదిలోపు వెళ్ళండి. పన్నెండు దాటితే లోలా తలుపు దగ్గరికి వేసుకుని అన్నం తిని పడుకుంటుంది. చేతులు జేబులో పెట్టుకోండి.

వచ్చేటప్పుడు, మళ్ళీ వస్తే కాకినాడ చిప్ప ఒకటి పట్టుకురమ్మంది, కాల్చనిది. మన దగ్గర ఆ చిప్ప కూడా చట్టంలో ఉందని చెప్పడానికి మనసొప్పలేదు. ఊరొచ్చాక ఫోటో తీసి అమ్మాయి ద్వారా పంపాను. 'మా దాని కంటే చిన్నది' అందట.